ఈమెయిల్ సర్వర్‌కు డొమైన్ రికార్డులు: ఎంఎక్స్ నుంచి డీమార్క్ వరకు సమగ్ర మార్గదర్శి

చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ రాయిని ఎగుమతి చేసే సంస్థ అయినా, నెల్లూరు తీరంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నడిపే సంస్థ అయినా, సొంత డొమైన్ మీద ఈమెయిల్ పెట్టుకున్న కొత్తలో రెండు ఫిర్యాదులు తప్పకుండా వినబడతాయి: మనం పంపిన కొటేషన్ అవతలివారి స్పామ్‌లో పడుతోంది, లేదా మనకు రావలసిన మెయిల్ రావడమే లేదు. ఈ రెండింటికీ కారణం చాలాసార్లు సర్వర్‌లో ఉండదు, డొమైన్‌కు రాసిన డీఎన్ఎస్ రికార్డుల్లో ఉంటుంది. డీఎన్ఎస్ అంటే డొమైన్ పేరు అడిగినవారికి దాని వివరాలు చెప్పే ఇంటర్నెట్ చిరునామాల పుస్తకం వంటిది. రికార్డులు రాయడం పెద్ద పనేమీ కాదు. అన్నీ కలిపితే ఐదారు వరుసలు. మన పేరుతో ఎవరెవరు మెయిల్ పంపుతున్నారో, ఏయే రికార్డు మీద అధికారం ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవడంలోనే అసలు శ్రమ ఉంది. అందుకే ఇక్కడ చెప్పిన మొదటి రెండు అడుగుల్లో ఒక్క రికార్డు కూడా రాయవలసిన అవసరం రాదు.

ఉదాహరణల్లో ఎగ్జాంపుల్.కామ్ అనే డొమైన్‌ను, 203.0.113.25 అనే ఐపీ చిరునామాను వాడాను. ఈ రెండూ ఇలాంటి వివరణల కోసమే విడిగా కేటాయించినవి. రికార్డుల విలువలను ఇక్కడ తెలుగు లిపిలో చూపినప్పటికీ, కంట్రోల్ ప్యానెల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

మొదటి అడుగు: తాళం చెవులు ఎవరి దగ్గర ఉన్నాయి

ఒక డొమైన్‌కు సంబంధించిన అధికారం మూడు చోట్ల ఉంటుంది. డొమైన్ పేరును కొన్నది రిజిస్ట్రార్ దగ్గర. దాని రికార్డులు నిజంగా ఉండేది నేమ్‌సర్వర్లను నడిపేవారి దగ్గర; వీరు రిజిస్ట్రారే కావచ్చు, హోస్టింగ్ సంస్థ కావచ్చు, క్లౌడ్‌ఫ్లేర్ వంటి వేరొక సేవ కావచ్చు. మూడవది సర్వర్ ఐపీ చిరునామా. అది ఇచ్చినవారి చేతిలోనే, ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే పీటీఆర్ రికార్డు ఉంటుంది. రిజిస్ట్రార్ ప్యానెల్‌లో ఎంత చక్కగా రికార్డులు నింపినా, నేమ్‌సర్వర్లు వేరొకచోటికి చూపుతుంటే ఆ శ్రమంతా వృథా. ఎవరూ ఆ రికార్డులను చదవరు.

మన ఊళ్లలో చిన్న సంస్థలకు ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, డొమైన్ తరచుగా వెబ్‌సైటు చేసిచ్చిన వ్యక్తి ఖాతాలోనే ఉండిపోతుంది. ఆయన ఒంగోలు వదిలి హైదరాబాదు వెళ్లి, ఫోన్ నంబరు మార్చిన తరువాత ఆ ఖాతా పాస్‌వర్డు కోసం వెతుక్కోవలసి వస్తుంది. కాబట్టి మరే పనీ మొదలుపెట్టకముందే డొమైన్‌ను సంస్థ సొంత ఖాతాలోకి మార్పించుకోవాలి. ఆ ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీది చిరునామా కాకూడదు; డొమైన్ ఆగిపోయిన రోజున పాస్‌వర్డు మార్చుకునే లింకు కూడా ఆగిపోతుంది.

నేమ్‌సర్వర్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ టైప్ సమాన గుర్తు ఎన్ఎస్ అని, మళ్లీ ఖాళీ వదిలి డొమైన్ పేరు ఇవ్వాలి. లినక్స్‌లో డిగ్ ఎన్ఎస్ తరువాత డొమైన్ పేరు ఇస్తే చాలు. వచ్చిన పేర్లు ఏ సంస్థవైతే, ఆ సంస్థ ప్యానెల్‌లోనే మిగతా పని అంతా చేయాలి.

రెండవ అడుగు: మన పేరుతో పంపేవారి జాబితా

ఒక కాగితం తీసుకుని, మన డొమైన్ చిరునామాతో బయటికి వెళ్లే ప్రతి మెయిల్ ఎక్కడినుంచి బయలుదేరుతోందో రాయాలి. ఉద్యోగుల మెయిల్‌బాక్సులు అందరికీ గుర్తుంటాయి. వెబ్‌సైటులోని సంప్రదింపు ఫారం, ఇన్వాయిస్‌లను నేరుగా మెయిల్ చేసే ట్యాలీ, జీతాల స్లిప్పులు పంపే సాఫ్ట్‌వేర్, పండుగ శుభాకాంక్షలు వేలమందికి పంపే బల్క్ మెయిల్ సేవ, ఆఫీసు మూలన ఉండి స్కాన్ చేసిన కాగితాన్ని మెయిల్ చేసే జెరాక్స్ మిషను మాత్రం గుర్తుకు రావు. చెన్నైలోనో కృష్ణపట్నంలోనో ఉన్న క్లియరింగ్ ఏజెంటు తన సొంత చిరునామా నుంచి పంపుతాడు కాబట్టి అతను ఈ జాబితాలోకి రాడు. అదే ఏజెంటు సాఫ్ట్‌వేర్ మన చిరునామాను పంపినవారి స్థానంలో పెట్టి షిప్పింగ్ సమాచారం పంపుతుంటే మాత్రం రాయాలి.

ఈ జాబితాకు అరపూట పట్టినా తొందరపడవద్దు. రికార్డులు పెట్టిన తరువాత వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం ఈ కాగితం మీదికి ఎక్కని ఒక పంపకం వల్లనే వస్తాయి.

మూడవ అడుగు: సర్వర్‌కు పేరు, ఆ పేరుకు తిరుగు చిరునామా

గూగుల్ వర్క్‌స్పేస్, జోహో, మైక్రోసాఫ్ట్ 365 వంటి సేవలు తీసుకున్నవారు ఈ అడుగును దాటి నేరుగా ముందుకు వెళ్లవచ్చు. సొంత సర్వర్ పెట్టుకున్నవారికి ఇది పునాది.

ముందుగా మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అనే పేరుకు 203.0.113.25 ను చూపే ‘ఎ’ రికార్డు రాయాలి. తరువాత దీనికి తిరుగు దిశలో, 203.0.113.25 అని అడిగితే మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అని జవాబు వచ్చేలా పీటీఆర్ రికార్డు ఉండాలి. ఇది మన డొమైన్ ప్యానెల్‌లో రాసేది కాదు. వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) ఇచ్చిన సంస్థ ప్యానెల్‌లో రివర్స్ డీఎన్ఎస్ అనే పేరుతో ఒక పెట్టె ఉంటుంది. లేకపోతే వారికి అభ్యర్థన పంపాలి. రెండు దిశల్లోనూ ఒకే జవాబు రావాలి, మెయిల్ సర్వర్ అవతలి సర్వర్‌ను పలకరించేటప్పుడు చెప్పుకునే పేరు కూడా ఇదే అయి ఉండాలి. పీటీఆర్ లేకుండా జీమెయిల్‌కు పంపితే 550 5.7.25 అనే సంఖ్యతో తిరుగు టపా వస్తుంది. సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా కూడా ఉంటే దానికీ పీటీఆర్ విడిగా కావాలి. అది పెట్టలేని పరిస్థితిలో మెయిల్‌ను ఐపీవీ4 మీదనే పంపేలా సర్వర్‌ను అమర్చడం మేలు.

ఆఫీసులోని మామూలు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మీద మెయిల్ సర్వర్ నడపాలన్న ఆలోచన ఉంటే మానుకోవడం మంచిది. అలాంటి కనెక్షన్లలో ఐపీ చిరునామా మారుతూ ఉంటుంది, సర్వర్ల మధ్య మెయిల్ నడిచే, బయటికి వెళ్లే 25వ పోర్టును కనెక్షన్ ఇచ్చేవారు చాలామంది మూసి ఉంచుతారు, గృహ వినియోగపు ఐపీల జాబితాలు స్పామ్‌ను అడ్డుకునే జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ వంటి సంస్థల దగ్గర ముందే ఉంటాయి. క్లౌడ్ సంస్థల్లోనూ కొన్ని 25వ పోర్టును అడిగితే తప్ప తెరవవు. అమెజాన్ ఈసీ2లో అయితే అభ్యర్థన పెట్టుకోవాలి.

నాలుగవ అడుగు: ఎంఎక్స్

ఎగ్జాంపుల్.కామ్‌కు వచ్చే మెయిల్‌ను ఎవరికి అప్పగించాలో ఎంఎక్స్ రికార్డు చెబుతుంది. ఇందులో ఒక సంఖ్య, ఒక సర్వర్ పేరు ఉంటాయి. సంఖ్య ఎంత తక్కువైతే ప్రాధాన్యం అంత ఎక్కువ; 10, 20 అని రెండు రికార్డులుంటే ముందు 10 దగ్గరికే వస్తారు.

హోస్ట్ అనే పెట్టెలో ఎట్ గుర్తు పెట్టాలి, విలువలో 10 మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అని రాయాలి. విలువ స్థానంలో ఐపీ చిరునామా రాయకూడదు, సీనేమ్‌గా (మరో పేరుకు దారి చూపే మారుపేరుగా) ఉన్న పేరునూ రాయకూడదు. ‘ఎ’ రికార్డు ఉన్న పేరే కావాలి. కొన్ని ప్యానెళ్లు మనం రాసిన పేరు చివర డొమైన్‌ను తమంతట తామే తగిలిస్తాయి. అప్పుడు రికార్డు మెయిల్.ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్ అయి కూర్చుంటుంది, మెయిల్ ఎక్కడికీ పోదు. సేవ్ చేసిన వెంటనే ఎన్ఎస్‌లుకప్‌తో చూస్తే ఇది కంటికి కనిపిస్తుంది. పేరు చివర ఒక చుక్క పెడితే ఇలాంటి ప్యానెళ్లలో సాధారణంగా సరిపోతుంది.

బయటి సేవ తీసుకున్నవారు ఆ సేవ ఇచ్చిన ఎంఎక్స్ విలువలను యథాతథంగా పెట్టి, పాతవాటిని పూర్తిగా తీసివేయాలి. హోస్టింగ్ సంస్థ ముందే పెట్టి ఉంచిన ఎంఎక్స్ మిగిలిపోతే, కొన్ని మెయిళ్లు ఎవరూ తెరవని పాత మెయిల్‌బాక్సులో చేరుతుంటాయి. ఇంతకన్నా మోసపూరితమైన లోపం మరొకటి లేదు, ఎందుకంటే మిగతావి బాగానే వస్తుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నడుస్తున్న మెయిల్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు మార్చేటప్పుడు ఒక రోజు ముందే ఎంఎక్స్ టీటీఎల్‌ను (ఇతర సర్వర్లు ఆ రికార్డును గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించి, మార్పు స్థిరపడిన తరువాత 3600 కు పెంచుకోవాలి. పాత సర్వర్‌ను కనీసం వారం రోజులు తీసివేయకూడదు. జీఎస్టీఆర్-1 గడువైన 11వ తేదీకి, 3బీ గడువైన 20వ తేదీకి చేరువలో ఈ మార్పు పెట్టుకోకండి. ఓటీపీలు అదే డొమైన్ మీదికి వస్తుంటే అకౌంటెంటు గారికి సమాధానం చెప్పడం కష్టం. శనివారం రాత్రి ఉత్తమం.

రెండవ సర్వర్ ఒకటి నిల్వగా ఉండాలా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో చిన్న సంస్థకు అక్కరలేదు. మన సర్వర్ కొంతసేపు పనిచేయకపోయినా సక్రమంగా నడిచే సర్వర్లు నాలుగైదు రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. సరిగా చూసుకోని రెండవ సర్వర్ మాత్రం స్పామ్ పంపేవారికి దొడ్డిదారి అవుతుంది.

ఐదవ అడుగు: ఎస్‌పీఎఫ్

ఈ డొమైన్ పేరుతో పంపడానికి ఏయే సర్వర్లకు అనుమతి ఉందో ప్రకటించే టీఎక్స్‌టీ రికార్డు, అంటే మామూలు పాఠంగా రాసే రికార్డు ఇది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఉండే పేర్ల జాబితా వంటిది. రెండవ అడుగులో రాసుకున్న కాగితం ఇప్పుడు పనికి వస్తుంది. సొంత సర్వర్ ఒక్కటే పంపుతుంటే హోస్ట్ పెట్టెలో ఎట్ గుర్తు పెట్టి, విలువను ఇలా రాయాలి:

వి=ఎస్‌పీఎఫ్1 ఐపీ4:203.0.113.25 ~ఆల్

బల్క్ మెయిల్ సేవ కూడా ఉంటే, ఆ సేవ ఇచ్చిన పేరును ఇన్‌క్లూడ్ అనే మాట, దాని తరువాత రెండు చుక్కల గుర్తుతో ‘ఆల్’కు ముందు చేర్చాలి. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. కొత్త సేవ తీసుకున్న ప్రతిసారీ వారు ఇచ్చిన వరుసను రెండవ రికార్డుగా అతికించడం అందరూ చేసే పని. రెండు ఉంటే అవతలి సర్వర్ రెండింటినీ చెల్లనివిగా లెక్కిస్తుంది. ఉన్నదాన్నే తెరిచి అందులోనే చేర్చాలి.

మరొక పరిమితి పదికి సంబంధించినది. 2014లో వచ్చిన ఎస్‌పీఎఫ్ ప్రమాణం ప్రకారం ఈ రికార్డును పరిశీలించే క్రమంలో డీఎన్ఎస్‌ను అదనంగా ప్రశ్నించవలసిన అంశాలు పదికి మించకూడదు. ఇన్‌క్లూడ్, ‘ఎ’, ఎంఎక్స్ లెక్కలోకి వస్తాయి. ఐపీ4, ఐపీ6 రావు. ఒక ఇన్‌క్లూడ్ లోపల మరో నాలుగు ఇన్‌క్లూడ్‌లు దాగి ఉంటే అవి కూడా లెక్కే. మూడు నాలుగు సేవలు చేరేసరికి పది దాటడం మామూలే. పది దాటితే మన మెయిల్ మొత్తానికి ఎస్‌పీఎఫ్ విఫలమవుతుంది కాబట్టి, ఐపీ తెలిసిన సొంత సర్వర్‌ను ఎప్పుడూ ఐపీ4తోనే రాయడం పొదుపు.

చివర ఉండే ఆల్‌కు ముందు టిల్డా గుర్తు పెడితే జాబితాలో లేనివారిని అనుమానించమని, మైనస్ పెడితే తిరస్కరించమని అర్థం. ప్లస్ పెడితే ప్రపంచంలో ఎవరైనా మన పేరుతో పంపవచ్చని చాటినట్టు. దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు. మైనస్ చూస్తే కట్టుదిట్టంగా అనిపిస్తుంది గానీ, ఏడవ అడుగులో చెప్పే డీమార్క్ కూడా పెట్టబోయే డొమైన్‌కు టిల్డానే సరైనదని నా అభిప్రాయం. మైనస్ చూసిన వెంటనే కొన్ని సర్వర్లు, ఆరవ అడుగులో చెప్పే డీకిమ్ సంతకాన్ని చూడకుండానే మెయిల్‌ను తోసిపుచ్చుతాయి.

ఎస్‌పీఎఫ్ పరిశీలించేది పాఠకుడికి కనిపించే ‘ఫ్రమ్’ చిరునామాను కాదు, తిరుగు టపా చేరవలసిన రిటర్న్‌పాత్ చిరునామాను. యజమాని తన ఆఫీసు మెయిల్‌ను సొంత జీమెయిల్‌కు ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ చేయించుకున్నప్పుడు, కొనుగోలుదారు పంపిన మెయిల్ మన సర్వర్ ఐపీ నుంచి జీమెయిల్‌కు చేరుతుంది. కొనుగోలుదారు ఎస్‌పీఎఫ్ జాబితాలో మన ఐపీ ఉండదు కాబట్టి పరీక్ష తప్పుతుంది. ఎస్‌పీఎఫ్ ఒక్కటే సరిపోకపోవడానికి ఇది ప్రధాన కారణం.

ఆరవ అడుగు: డీకిమ్

డీకిమ్ ఉన్న సర్వర్ ప్రతి మెయిల్‌కూ ఒక రహస్య తాళంతో సంతకం చేస్తుంది, దాన్ని సరిచూడడానికి కావలసిన బహిరంగ తాళం డీఎన్ఎస్‌లో ఉంటుంది. మధ్యలో ఎన్ని సర్వర్లు దాటినా, మెయిల్ పాఠం మారనంత వరకు సంతకం చెల్లుతుంది. పైన చెప్పిన ఫార్వర్డ్ చిక్కును దాటించేది ఇదే.

సొంత సర్వర్‌లో ఓపెన్‌డీకిమ్ గానీ ఆర్‌స్పామ్‌డీ గానీ వాడి 2048 బిట్ల తాళం జంటను తయారు చేయాలి. తాళానికి సెలెక్టర్ అనే చిన్న పేరు పెట్టుకోవాలి, మెయిల్1 అనుకుందాం. అప్పుడు హోస్ట్ పెట్టెలో మెయిల్1, చుక్క, అండర్‌స్కోర్, డొమైన్‌కీ అని వరుసగా ఖాళీ లేకుండా రాసి, విలువగా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వరుసను పెట్టాలి. అది వి=డీకిమ్1; కె=ఆర్ఎస్ఏ; పి= అని మొదలై, ఆపైన పొడవైన అక్షరాల వరుసగా ఉంటుంది.

ఇక్కడ కాలికి తగిలే రాయి ఒకటుంది. టీఎక్స్‌టీ రికార్డులో ఒక్కొక్క ముక్క 255 అక్షరాలకు మించరాదు, 2048 బిట్ల తాళం అంతకన్నా పొడవు. ఎక్కువ ప్యానెళ్లు తామే ముక్కలు చేసుకుంటాయి. చేయనివాటిలో విలువను రెండుగా విడగొట్టి, ఒక్కొక్కదాన్ని జంట కొటేషన్ గుర్తుల్లో పెట్టి, మధ్యలో ఒక్క ఖాళీ మాత్రమే ఉంచాలి. వాట్సాప్‌లో పంపుకున్న వరుసను అతికించేటప్పుడు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారిపోతాయి, కొత్త పంక్తులు చొరబడతాయి; ఫైలునుంచే నేరుగా కాపీ చేసుకోవడం క్షేమం.

బయటి సేవల విషయంలో వారి అడ్మిన్ పేజీలో డీకిమ్‌ను తెరిచి, వారు ఇచ్చిన టీఎక్స్‌టీని గానీ సీనేమ్‌ను గానీ పెట్టి, మళ్లీ వారి పేజీకి వెళ్లి సంతకాన్ని మొదలుపెట్టే బటన్ నొక్కాలి. మైక్రోసాఫ్ట్ 365 రెండు సీనేమ్‌లు ఇస్తుంది. ఆ చివరి బటన్ నొక్కడం మరిచిపోతే రికార్డు ఉంటుంది, సంతకం ఉండదు. జాబితాలోని ప్రతి సేవకూ వేరు సెలెక్టర్‌తో ఈ పని చేయాలి. ఎస్‌పీఎఫ్‌లా ఒక్కటే ఉండాలన్న నియమం దీనికి లేదు.

ఏడవ అడుగు: డీమార్క్

ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఫలితాలను కంటికి కనిపించే ‘ఫ్రమ్’ చిరునామాతో ముడిపెట్టేది డీమార్క్. రెండింటిలో ఒక్కటైనా నెగ్గి, నెగ్గిన డొమైన్ ‘ఫ్రమ్’లోని డొమైన్‌తో సరిపోతే మెయిల్ నెగ్గినట్టు. బల్క్ సేవ తన సొంత డొమైన్‌తో సంతకం చేస్తే డీకిమ్ నెగ్గినా డీమార్క్ నెగ్గదు. చాలామందిని తికమక పెట్టేది ఈ తేడాయే.

హోస్ట్ పెట్టెలో అండర్‌స్కోర్ డీమార్క్ అని, విలువలో ఇలా రాయాలి:

వి=డీమార్క్1; పి=నన్; ఆర్‌యూఏ=మెయిల్‌టు:రిపోర్ట్స్@ఎగ్జాంపుల్.కామ్

ఇందులో డీమార్క్1 అన్నది పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. నన్ అంటే తప్పిన మెయిల్‌ను ఏమీ చేయవద్దు, నివేదిక మాత్రం పంపమని. జీమెయిల్, యాహూ వంటివి సాధారణంగా రోజుకొకటి చొప్పున ఎక్స్ఎంఎల్ నివేదిక పంపుతాయి. అందులో ఏ ఐపీ నుంచి మన పేరుతో ఎన్ని మెయిళ్లు వచ్చాయో, ఏవి నెగ్గాయో ఉంటుంది. నెలరోజులు వీటిని చదివితే, కాగితం మీద రాయని జెరాక్స్ మిషనో వెబ్‌సైటు ఫారమో బయటపడుతుంది. వాటిని సరిదిద్దిన తరువాత పి విలువను క్వారంటైన్‌కు, మరికొన్ని వారాల తరువాత రిజెక్ట్‌కు మార్చాలి. మొదటి రోజే రిజెక్ట్ పెట్టిన సంస్థకు తన సొంత ఇన్వాయిస్‌లే వెనక్కి వస్తాయి. అలాగని నన్ దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోతే మోసగాళ్లను ఆపేది ఏమీ ఉండదు.

ఎగుమతిదారులకు ఈ రిజెక్ట్ ఎందుకంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. మా బ్యాంకు ఖాతా మారింది, బాకీ సొమ్మును ఈ కొత్త ఖాతాకు పంపండి అని మన చిరునామాతోనే విదేశీ కొనుగోలుదారుకు ఒక దొంగ మెయిల్ వెళితే కంటైనరు సరుకు విలువ మొత్తం పోతుంది. మన డొమైన్‌ను యథాతథంగా వాడే దొంగతనాన్ని డీమార్క్ ఆపగలదు. ఒక్క అక్షరం తేడాతో కొన్న డొమైన్‌ను గానీ, పాస్‌వర్డు దొంగిలించి మన మెయిల్‌బాక్సు నుంచే పంపినదాన్ని గానీ అది ఆపలేదు. అందుకోసం రెండంచెల లాగిన్, ఖాతా మార్పును ఫోన్‌లో నిర్ధారించుకునే అలవాటు విడిగా ఉండాలి.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్‌కు పంపే ప్రతివారికీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్, సరైన పీటీఆర్ ఉండాలి. రోజుకు 5,000 మెయిళ్లకు పైగా పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదుల శాతం 0.3కు చేరకూడదు. చిన్న సంస్థ ఆ 5,000 దగ్గరికి పోకపోయినా మూడూ పెట్టుకోవడంలో నష్టమేమీ లేదు.

ఎనిమిదవ అడుగు: పరీక్ష

జాబితాలోని ప్రతి చోటినుంచి ఒక జీమెయిల్ ఖాతాకు మెయిల్ పంపాలి. ఉద్యోగి మెయిల్‌బాక్సు నుంచి ఒకటి పంపి సరిపెట్టుకోకుండా, ట్యాలీ నుంచి ఒక ఇన్వాయిస్, వెబ్‌సైటు ఫారం నుంచి ఒకటి, స్కానర్ నుంచి ఒకటి పంపి చూడాలి. కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కల మీద నొక్కి షో ఒరిజినల్ ఎంచుకుంటే పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే వరుసలు, వాటి పక్కన పాస్ లేదా ఫెయిల్ కనిపిస్తాయి. పాస్ అని చూసి అక్కడే ఆగకుండా డీకిమ్ పక్కన రాసిన డొమైన్ పేరును చదవాలి. అక్కడ మన డొమైన్ కాక సేవ ఇచ్చిన సంస్థ డొమైన్ ఉంటే ఆరవ అడుగు ఆ సేవకు పూర్తి కానట్టే. మెయిల్ చేరకుండా 550 5.7.26 అనే సంఖ్యతో వెనక్కి వస్తే ధ్రువీకరణ తప్పిందని అర్థం. మొదట ఎస్‌పీఎఫ్ రెండుగా ఉందేమో చూడండి.

సంస్థ పేరు కాపాడుకోవడానికి కొని, మెయిల్‌కు వాడని అదనపు డొమైన్లుంటే వాటికి వి=ఎస్‌పీఎఫ్1 -ఆల్ అని ఎస్‌పీఎఫ్, పి=రిజెక్ట్‌తో డీమార్క్ పెట్టాలి. మైనస్ ఆల్‌కు సరైన చోటు ఇదే.

ఆ తరువాత ఏడాదికొకసారి, డొమైన్ రెన్యువల్ సమయంలోనే, రెండవ అడుగు కాగితాన్ని బయటికి తీసి రికార్డులతో పోల్చాలి. వదిలేసిన బల్క్ సేవ ఇన్‌క్లూడ్ ఎస్‌పీఎఫ్‌లో మిగిలి ఉంటే, ఆ సేవ సర్వర్లకు మన పేరుతో పంపే అనుమతి ఇంకా కొనసాగుతున్నట్టే. ఆ ఇన్‌క్లూడ్‌ను, దాని డీకిమ్ సెలెక్టర్‌ను అదే రోజు తీసివేయాలి.